థీసిస్ ఒక్కటే మిగిలింది, ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు

ప్రశ్న: నా వయసు 34. మావారు పాస్టర్. ఇద్దరు పిల్లలు. బి.డి. (క్రైస్తవ దైవశాస్త్రంలో డిగ్రీ) అయ్యాక, ఆ డిగ్రీలిచ్చే సెరంపూర్ సెనేట్ కింద బైబిలు పాత నిబంధన మీద ఎం.టిహెచ్. (అందులో పీజీ) చేరాను. క్లాసులు, పరీక్షలు అయిపోయాయి. బైబిలులోని రూతు గ్రంథంలో 'హెసెద్' అనే హీబ్రూ మాట మీద థీసిస్ రాయాలి. ఏడాదిగా రెండో చాప్టర్ దగ్గరే ఆగిపోయాను. "పుల్పిట్ ఎక్కేది మావాడు, నీకెందుకమ్మా హీబ్రూ" అంటారు అత్తయ్య. ఈమధ్య ఒక ఆదివారం భోజనాల దగ్గర, మావారు ప్రసంగంలో ఒక హీబ్రూ మాటకు అర్థం తప్పు చెప్పారని సంఘపెద్దల ముందే అనేశాను. అప్పటి నుంచి ఆయన నా చదువు ఊసే ఎత్తడం లేదు. మానేయమంటారా?

జవాబు: మానొద్దమ్మా. ఇంత దూరం వచ్చి ఆపేస్తే కోసిన పంటను కళ్లంలో వదిలేసినట్టే.

మీవారి మౌనాన్ని మాత్రం చదువు మీద కోపం అనుకోకండి. ఆరాధన ముగించుకుని, గొంతు బొంగురుపోయి, ఆకలితో పళ్లెం ముందు కూర్చున్న మనిషికి నలుగురిలో తప్పు చూపించారు. మీరన్నది నిజమే అయినా అనాల్సిన చోటు అది కాదు. క్షమాపణ అడగండి. "హీబ్రూ గురించి కాదండీ, పెద్దల ముందు అన్నందుకు" అని విడదీసి చెప్పండి. చదువుతున్నందుకు మాత్రం ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

ఇక అత్తయ్యగారు. మీ థీసిస్ దేని గురించో ఆవిడకు ఎప్పుడైనా చెప్పారా? రూతు నాలుగు అధ్యాయాల్లో హెసెద్ మూడుచోట్ల వస్తుంది. మన తెలుగు బైబిలులో 1:8లో అది 'దయ', 2:20లో 'ఉపకారము', 3:10లో 'సత్ ప్రవర్తన'. మూలంలో ఒకటే మాట. మొదటి రెండూ రూతు అత్త నయోమి నోటి నుంచి వచ్చినవే. చనిపోయినవాళ్ల పట్ల, నా పట్ల మీరు దయ చూపించారని కోడళ్లతో ఒక అత్త అన్న మాట మొదటిది! ఇంత చక్కటి సంగతిని ల్యాప్‌టాప్‌లోనే దాచుకుంటే ఎలా? సాయంత్రం కుటుంబ ప్రార్థన అయ్యాక ఆ మూడు వచనాలూ ఆవిడ చేతే చదివించండి. "అత్తయ్యా, మూడుచోట్లా ఒకే తెలుగు మాట పెట్టాలంటే మీరేది పెడతారు?" అని అడగండి. బైబిలును చూడకుండా అప్పజెప్పే తరం వాళ్లది. ఆవిడ చెప్పేది మీ థీసిస్‌కే పనికొచ్చినా నేను ఆశ్చర్యపోను.

పుల్పిట్ గురించి వాదించకండి. ఆడవాళ్లు ఎక్కలేదని కాదు: 2013లో నంద్యాల డయోసీస్‌కు (బిషప్ పరిధిలోని ప్రాంతం) ఇ. పుష్పలలిత గారు బిషప్ అయ్యారు, సి.ఎస్.ఐ.లో (దక్షిణ ఇండియా సంఘం) తొలి మహిళా బిషప్ ఆవిడే. మీ సంఘంలో ఆడవాళ్లకు పాస్టర్‌గా అభిషేకం ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోయినా, బైబిలు కాలేజీలో పాఠం చెప్పాలన్నా తెలుగులో మంచి వ్యాఖ్యానం రాయాలన్నా మూలభాష తెలిసినవాళ్లు కావాలి.

ఆ రెండో చాప్టర్ ఎందుకు ఆగిందో నాకు తెలిసినట్టే ఉంది. ఇంకో పుస్తకం చదివాక రాద్దాం, పిల్లల పరీక్షలయ్యాక రాద్దాం అనుకుంటూ ఉంటారు. మీవారితో రాజీ కుదిరాక ఒక్కటే అడగండి: సోమవారం పొద్దున పూట పిల్లల పని ఆయన చూసుకోవాలి. ఆ పూట ఫోన్ ఇంట్లోనే వదిలి, చర్చి వెస్ట్రీలో (పాస్టర్ వాడుకునే గది) కూర్చోండి. డైనింగ్ టేబుల్ మీద రాద్దామంటే కుక్కర్ విజిల్‌కే లేవాల్సి వస్తుంది. మొదటి రోజు చాప్టర్ జోలికి పోవద్దు. 3:10లో, తర్వాత రూతును పెళ్లాడిన బోయజు ఆమెతో అన్న మాట గురించి ఒక్క పేజీ రాయండి చాలు.

థీసిస్ ఇవ్వడానికి ఇంకెంత గడువుందో కాలేజీ రిజిస్ట్రార్‌ను అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. ఏడాదిగా మాట్లాడని గైడ్‌కు ఏ మొహం పెట్టుకుని రాయాలా అని టెన్షన్ పడుతుంటారు. ఆలస్యమైనందుకు రెండు ముక్కలు రాసి, ఆ పేజీ జత చేసి సోమవారం సాయంత్రమే మెయిల్ చేయండి. చాప్టర్ పూర్తయ్యేదాకా ఆగొద్దు.