గెలాక్సీని ఎవరు తూచారు?

ప్రశ్న: కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గెలాక్సీ బరువు ఇంత, వయసు ఇంత అని పేపర్లో రాస్తుంటారు. మన దాకా వచ్చేది కాస్తంత వెలుగే కదా! ఇది లెక్కా, ఊహా?
– ఇంటర్ విద్యార్థిని, మార్కాపురం

జవాబు: అమ్మా, పదిహేనేళ్ళుగా నేను చేస్తున్న పని ఇదే. మొదట్లో ఈ అనుమానం నన్నూ నిద్రపోనిచ్చేది కాదు. ఇది లెక్కే. కాకపోతే ప్రతి అంకె పక్కనా 'ఇంత అటూ ఇటూ' అని రాసి తీరాల్సిన లెక్క. పేపర్‌కి ఎక్కేసరికి ఆ అటూ ఇటూ ఎగిరిపోతుంది. నాకు బాధ కలిగేది అక్కడే.

అసలు ఆధారం రంగు. సూర్యుడికి పదింతల బరువున్న నక్షత్రం నీలంగా, సూర్యుడి కంటే వేల రెట్లు వెలుగుతుంది. కానీ రెండు మూడు కోట్ల ఏళ్ళకే దాని ఆయువు తీరిపోతుంది. సూర్యుడి లాంటిదైతే వెయ్యి కోట్ల ఏళ్ళు ఉంటుంది. అందుకని ఒక గెలాక్సీ నుంచి నీలి కాంతి దండిగా వస్తోందంటే, అక్కడ ఈమధ్యే నక్షత్రాలు పుట్టాయన్నమాట. పసుపు, ఎరుపు మాత్రమే మిగిలితే పుట్టుకలు ఆగిపోయి చాలా కాలమైంది. ఫలానా వయసున్న నక్షత్రాల గుంపు ఫలానా బరువుకి ఎంత వెలుగిస్తుందో కంప్యూటర్‌లో ముందే లెక్కకట్టి పెట్టుకుంటాం. వయసులు రకరకాలుగా కలిపి, టెలిస్కోపు ఒక్కో ఫిల్టర్‌లో (కొన్ని రంగులనే లోపలికి వదిలే గాజు) కొలిచిన వెలుగుతో ఏ మిశ్రమం సరిపోతుందో చూస్తాం. ఈ దారికి 1960లలో పునాది వేసినవాళ్ళలో ముఖ్యురాలు బియాట్రిస్ టిన్స్లీ. న్యూజిలాండ్‌లో పెరిగి, టెక్సాస్‌లో పీహెచ్‌డీ చేసింది. 1981లో నలభయ్యేళ్ళకే క్యాన్సర్‌తో పోయింది. గెలాక్సీలు కాలంతో పాటు మారతాయని, ఆ మార్పును లెక్కలోకి తీసుకోవాలని ఆమె పట్టుబట్టింది. ఈ రోజుకీ మేం చేస్తున్నది ఆ పనే.

ఇక నా తప్పు చెబుతాను. పీహెచ్‌డీ రెండో ఏడు, నా దగ్గర ఒక గెలాక్సీకి ఐదు ఫిల్టర్ల కొలతలు ఉండేవి. బాగా ఎర్రగా ఉంది. ముసలిది, పుట్టుకలు ఆగిపోయాయి అని రాసేశాను. మట్టిరోడ్డు మీద లారీ వెళ్ళాక ఆ దుమ్ములోంచి సాయంత్రపు సూర్యుణ్ణి చూడు, ఎలా ఎర్రబడతాడో. గెలాక్సీలో ధూళి కూడా అదే చేస్తుంది, నీలాన్ని ముందు మింగేస్తుంది. ఎరుపు వయసు వల్ల వచ్చిందో ధూళి వల్ల వచ్చిందో ఐదు అంకెలతో తేలదు.

నాలుగు నెలల తర్వాత వర్ణపటం, అంటే వెలుగును సన్నటి రంగులుగా విడదీసిన కొలత, చేతికొచ్చింది. అందులో హైడ్రోజన్ వాయువు ప్రత్యేకంగా వెలిగే రంగుల్లో, గీతల్లా, రెండు ఉంటాయి. 656 నానోమీటర్ల దగ్గర ఎర్ర గీత, 486 దగ్గర నీలిపచ్చ గీత. కొత్త నక్షత్రాలు వేడెక్కించిన వాయువులో ఎర్ర గీత రెండోదాని కంటే సుమారు 2.86 రెట్లు బలంగా ఉండాలి. నాకు ఆరు రెట్లు పైన వచ్చింది. అంటే నీలిపచ్చలో చాలా భాగాన్ని ధూళి మింగేసింది. నేను ముసలిదన్న ఆ గెలాక్సీలో దుమ్ము తెర వెనక నక్షత్రాలు పుడుతూనే ఉన్నాయి! వారం రోజులు ఒకటే టెన్షన్, అధ్యాయమంతా మళ్ళీ రాశాను. విచిత్రమేమిటంటే బరువు మాత్రం పెద్దగా మారలేదు. ముసలి నక్షత్రాలు బరువుకి తగ్గ వెలుగివ్వవు, ధూళి ఉన్న వెలుగును దాచేస్తుంది. రెండు దారుల్లోనూ లెక్క దాదాపు ఒకే బరువు దగ్గర తేలుతుంది. అందుకే బరువును రెండింతల తేడాలోపల నమ్ము, వయసును మాత్రం ఆచితూచి నమ్ము. ఇది నక్షత్రాల బరువే సుమా. వెలుగివ్వని, కంటికి కనిపించని డార్క్ మ్యాటర్ ఇందులోకి రాదు, దానికి గెలాక్సీ తిరిగే వేగం కొలవాలి.

పెద్ద టెలిస్కోపులకూ ఇదే చిక్కు. 2022లో జేమ్స్ వెబ్ అనే అంతరిక్ష టెలిస్కోపు ఫిల్టర్ చిత్రాలను బట్టి సీర్స్-93316 అనే గెలాక్సీ విశ్వం పుట్టాక 25 కోట్ల ఏళ్ళకే ఉన్నది కావచ్చన్నారు. 2023లో వర్ణపటం తీస్తే అది విశ్వం పుట్టాక దాదాపు 120 కోట్ల ఏళ్ళకు ఉన్నదని తేలింది. ధూళి ఎరుపుకు తోడు ఆక్సిజన్, హైడ్రోజన్ గీతల బలమైన వెలుగు ఫిల్టర్లలో పడి లెక్కను తారుమారు చేసింది. ఆ పొరపాటును సరిచేసింది కూడా ఖగోళ శాస్త్రవేత్తలే.

నువ్వే ఒకటి చేసి చూడు. ఆకాశాన్ని పెద్ద ఎత్తున కొలిచిన స్లోన్ స్కై సర్వే గెలాక్సీల వర్ణపటాలను అందరికీ ఉచితంగా పెట్టింది. అక్కడ కొలత ఆంగ్‌స్ట్రామ్‌లలో ఉంటుంది, పదితో భాగిస్తే నానోమీటర్లు. నీలంగా కనిపించే గెలాక్సీని ఎంచుకుని ఆ ఎర్ర గీతను వెతుకు. 656 దగ్గర ఉండాల్సింది 722 దగ్గర కనిపిస్తే, విశ్వం విస్తరిస్తున్నందువల్ల దారిలో కాంతి పదో వంతు సాగిందన్నమాట, అది బయలుదేరి దాదాపు 130 కోట్ల ఏళ్ళయింది. ఆ తర్వాత రెండు గీతల బలాన్నీ కొలిచి, నిష్పత్తి నాకు రాసి పంపు. అక్కడ ధూళి ఎంతుందో ఇద్దరం కలిసి లెక్కకడదాం.