జపాన్‌లో కొత్తగా దిగారా? సెంచా సంగతి తర్వాత, ముందు హోజిచా తాగండి

టోక్యోలోని నిషి కసాయ్‌లో ఈమధ్యే కాపురం పెట్టిన ఒకమ్మాయి అడిగింది: "అక్కా, ఇక్కడి గ్రీన్ టీ మా ఇద్దరికీ గొంతు దిగడం లేదు. చేదు, పైగా పచ్చి వాసన. ఎవరైనా ప్యాకెట్ ఇస్తే అలమరలోనే మగ్గుతోంది. అలవాటు చేసుకునే దారేదైనా ఉందా?"

ఉందమ్మా. ఆ ప్యాకెట్‌లో ఉండేది సెంచా, అంటే ఇక్కడ రోజూ తాగే మామూలు గ్రీన్ టీ. దాన్ని పక్కన పెట్టి హోజిచా, అంటే వేయించిన టీ, కొనుక్కోండి. పాల టీతో పెరిగిన మన నాలుకకి నేరుగా సెంచా అందిస్తే ఎక్కదు. సెంచాకి నీళ్ళు 70, 80 డిగ్రీల దగ్గర ఉండాలి. మనమేమో టీ అంటే తెర్లే నీళ్ళు అనుకుంటాం. తెర్లే నీళ్ళు పోస్తే ఆకులోని చేదూ వగరూ అంతా దిగిపోతుంది. హోజిచాకి ఆ టెన్షన్ లేదు. అదీ గ్రీన్ టీ ఆకే, కాకపోతే 200 డిగ్రీల వరకు వేడి మీద ఎర్రగా వేయిస్తారు. ఆ వేడికి చేదునిచ్చే కాటెకిన్లు తగ్గి, వేరుశెనగలు వేయించిన మూకుడు దగ్గర వచ్చే లాంటి కమ్మని వాసన పుడుతుంది. 1920ల్లో క్యోటో వర్తకులు ముదురాకులూ కాడలూ పారేయలేక వేయించి అమ్మడంతో ఇది మొదలైందని చెబుతారు. ఇప్పటికీ పాత టీ కొట్ల ముందు వేయించే యంత్రం తిరుగుతుంటే వీధి మలుపు దాకా వాసన వస్తుంది.

కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. సూపర్ మార్కెట్‌లో దీని పక్కనే ముగిచా ఉంటుంది. అది బార్లీ టీ, అందులో తేయాకే ఉండదు. రెండిటి రంగూ ఒకటే కాబట్టి ఫోన్ కెమెరాతో ప్యాకెట్ చదివించుకోండి. హోజిచాలోనూ ఆకుది వేరు, కాడలది వేరు. నా ఓటు కాడలకే. తీపిగా, తేలిగ్గా ఉంటుంది. క్యోటో వైపు దొరికే ఇరిబంచా మాత్రం మొదటిసారే కొనకండి. అది కట్టెల పొయ్యి పొగ వాసన వేస్తుంది, ఇష్టపడేవాళ్ళు ప్రాణం పెడతారు, మిగతావాళ్ళు కిటికీలు తెరుస్తారు.

ఇక కాచడం. అసలు కాచకూడదు, అదే కిటుకు. ఇద్దరికైతే ఆరు గ్రాములు, అంటే రెండు పెద్ద చెంచాల నిండుగా. వేయించిన ఆకు దూదిలా తేలిగ్గా ఉంటుంది, చిన్న చెంచాతో కొలిస్తే రంగునీళ్ళే మిగులుతాయి. టీ కుండలో ఆకు వేసి, తెర్లే నీళ్ళు ఓ పావు లీటరు పోసి, మూత పెట్టి 30 సెకన్లు ఆగండి. కుండని కదపకండి. తర్వాత రెండు కప్పుల్లోకి కాస్త దీంట్లో, కాస్త దాంట్లో మార్చి మార్చి వంచండి. చిక్కదనం సమంగా వస్తుంది. ఆఖరి చుక్క దాకా వంచేయాలి, లోపల నీరు నిలిచిందా రెండో వాయి వగరెక్కుతుంది. ఆ రెండో వాయికి ఇంకో పది సెకన్లు ఎక్కువ ఉంచండి చాలు, మూడో వాయి ఆశపడొద్దు. పక్కన పిడి ఉన్న క్యూసు కుండే ఉండాలనేం లేదు, జల్లెడ ఉన్న ఏ పాత్రైనా సరే. కప్పు మాత్రం మందపాటి పింగాణీది వాడండి. స్టీలు గ్లాసులో పోస్తే చెయ్యి కాలుతుంది.

పాలు లేకుండా రోజు గడవదంటారా, దానికీ పనికొస్తుంది. టీ ఎనిమిది గ్రాములు కప్పు నీళ్ళలో రెండు నిమిషాలు మరిగించి, రెండు కప్పుల పాలు పోసి, పొంగు రాకముందే దించండి. ఇక్కడి షాపుల్లో ఒకినావా నల్లబెల్లం దొరుకుతుంది, కొకుతో అంటారు. పొయ్యి కట్టేశాక అది కలపండి. పొయ్యి మీదుండగా వేస్తే పాలు విరిగే ప్రమాదం ఉందని మీకు నేను చెప్పాలా! అల్లం, యాలకులు మాత్రం వద్దు. వేయించిన వాసన కోసమే కదా ఇదంతా, అల్లం వేస్తే అది చచ్చిపోతుంది.

రాత్రి తాగొచ్చా అని చాలామంది అడుగుతారు. హోజిచాలో కెఫీన్ ఉండదనే మాట నమ్మకండి. జపాన్ ప్రభుత్వ ఆహార పట్టిక ప్రకారం 100 మిల్లీలీటర్ల హోజిచాలో 20 మిల్లీగ్రాములు, సెంచాలోనూ అంతే. కాఫీలో 60. కాబట్టి కాఫీ కంటే నయమే, కానీ పసిపిల్లల పాలసీసా పక్కన పెట్టే సరుకు కాదు. పిల్లలకీ, నిద్ర పట్టని వాళ్ళకీ ఇందాక వద్దన్న ముగిచానే మంచిది. కడుపుతో ఉన్నవాళ్ళు రోజుకి ఎన్ని కప్పులో డాక్టర్ని అడగండి. శాకాహారులు భోజనంతో పాటు కాకుండా ఓ గంట ఆగి తాగితే మేలు, టీలోని టానిన్లు పప్పూ ఆకుకూరల్లోని ఇనుము ఒంటబట్టడాన్ని తగ్గిస్తాయి.

నిల్వ సంగతి మన ఇళ్ళలో ముఖ్యం. టీ ఆకు పక్కవాసన ఇట్టే పట్టేస్తుంది. ఇంగువ డబ్బా, సాంబారు పొడి ఉన్న అరలో పెట్టారో, ఇక ఇంగువ టీయే. చిన్న ప్యాకెట్ కొని, గాలి చొరని డబ్బాలో వేసి, నెలలోపు ఖాళీ చేయండి. వాసన తగ్గితే పారేయక్కర్లేదు. తాలింపు వాసన లేని పొడి పాన్‌లో, సన్నని మంట మీద, పాన్ ఊపుతూ ఒకటి రెండు నిమిషాలు వేయించండి. కమ్మటి వాసన లేవగానే దించాలి, పొగ వచ్చిందంటే మాడినట్టే. అలమరలో మగ్గుతున్న సెంచా ఉందన్నావు కదా, దాన్నీ ఇలాగే వేయించుకోవచ్చు. ఆకుపచ్చ పోయి గోధుమరంగు తిరిగే దాకా మరో రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకోండి, ఈ అపార్ట్‌మెంట్లలో స్మోక్ అలారం మహా తొందరపాటుది.

ఎండాకాలం లీటరు చన్నీళ్ళలో పది గ్రాములు వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టేయండి, పొద్దున వడకట్టుకుంటే సరి. ఊరికి తీసుకెళ్ళాలంటే కనజావాలో దొరికే కాగా బోచా బావుంటుంది, కాడలతో చేసిందే. 1983లో కనజావా ఉన్న ఇషికావా ప్రాంతానికి వచ్చిన షోవా చక్రవర్తికి (హిరోహితో) ఇచ్చిన టీ అని చెబితే మామయ్యగారు కూడా ఆసక్తిగా రుచి చూస్తారు. అక్కడ బోరు నీళ్ళతో మాత్రం పెట్టకండి, ఉప్పునీళ్ళలో దీని రుచి తేలదు. ఫిల్టర్ నీళ్ళే వాడమనండి.