‘అమాయకుడు’ అన్న మాట తీసెయ్

చిరంజీవికి,

చేయని నేరానికి జైల్లో ఉన్నాడంటూ, ఆ ఖైదీని వదిలెయ్యమని నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి కళ్లు చెమర్చాయి. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివితే, ఆ మనిషిని ఎందుకు వదిలిపెట్టాలో నాకే అర్థం కాలేదు. నాలుగు పేజీల్లో ‘అమాయకుడు’ అన్న మాట పదకొండుసార్లు వచ్చింది. జైలు గోడల మీద మూడు పేరాలున్నాయి. జడ్జి ఏ సాక్ష్యాన్ని నమ్మి శిక్ష వేశారో మాత్రం ఒక్క వాక్యం లేదు.

నొచ్చుకోకు. నీ వయసులో నేనూ ఇదే పని చేశాను. వ్యాసం అచ్చయ్యాక పొంగిపోతూ ఆ ఖైదీ లాయరు దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన ఓపిగ్గా చదివి, “బాగుందండీ, ఇంట్లోవాళ్లకి చూపిస్తాను. పిటిషన్‌లో పెట్టుకోవడానికి మాత్రం ఇందులో ఏమీ లేదు” అన్నారు. అంతకన్నా ఘోరం ఇంకోటుంది. అసలు నేరస్థుడు ఫలానా అతనై ఉంటాడని నా ఊహ ఒకటి రాసిపారేశాను. ఆధారం లేకుండా ఒకడికి నేరం అంటగట్టారని గోలపెడుతూనే, ఆధారం లేకుండా ఇంకొకడికి అంటగట్టాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

జపాన్‌లో ఇవావో హకమాదా కేసు గురించి చదువు. ఒకప్పటి బాక్సరు, మిసో తయారుచేసే కంపెనీలో పనికి చేరాడు. మిసో అంటే సోయా గింజల్ని పులియబెట్టి చేసే ముద్ద. 1966లో ఆ కంపెనీ డైరెక్టరు కుటుంబంలో నలుగురు హత్యకు గురైతే ఇతన్ని పట్టుకున్నారు. రోజుల తరబడి ప్రశ్నించి నేరం ఒప్పించారు. కోర్టులో అతను కాదన్నాడు. విచారణ నడుస్తుండగా, హత్యలు జరిగిన 14 నెలలకి, మిసో తొట్టిలో నెత్తుటి మరకలున్న బట్టలు దొరికాయన్నారు. 1968లో మరణశిక్ష వేశారు.

అతని తరఫువాళ్లు పట్టుకున్న ప్రశ్న ఎంత చిన్నదో చూడు: ఏడాదికి పైగా మిసోలో నానిన నెత్తురు ఇంకా ఎర్రగా ఎలా ఉంటుంది? ప్రయోగాలు చేసి చూస్తే, ఆ ఎరుపు పోయి నల్లబడిపోయింది. 2014లో అతను బయటికొచ్చాడు. 2024 సెప్టెంబరులో, 88 ఏళ్ల వయసులో, నిర్దోషి అని తీర్పు వచ్చింది. ఆ బట్టలు దర్యాప్తు చేసినవాళ్లు సృష్టించిన సాక్ష్యమని కోర్టే చెప్పింది. అక్క హిదెకో అన్నేళ్లూ తమ్ముణ్ణి వదల్లేదు. నువ్వైతే ఆ అక్కతో మొదలుపెడతావు. నేనైతే ఆ ఎరుపుతో మొదలుపెట్టి, అక్కని తర్వాత తీసుకొస్తాను.

నీ కేసులోనూ అలాంటి ఎరుపు ఒకటుంది, నువ్వే గమనించలేదు. ముఖం చూడలేదని మొదట పోలీసులకి చెప్పిన సాక్షి, కోర్టులో అదే ముఖాన్ని గుర్తుపట్టాడు. దాన్ని తీసుకెళ్లి పదిహేడో పేరాలో, “ఇంకో విచిత్రం ఏమిటంటే” అని పెట్టావు!

ఇక మాటల సంగతి. ‘విడుదల’, ‘క్షమాభిక్ష’, ‘నిర్దోషి’ మూడూ ఒకటే అన్నట్టు వాడేశావు. ఫ్రాన్స్‌లో దేశద్రోహి అని శిక్ష పడ్డ సైనికాధికారి కెప్టెన్ డ్రెఫస్‌కి 1899లో క్షమాభిక్ష దొరికింది, ఇంటికొచ్చాడు. చేయని నేరానికి క్షమ ఏమిటి? అతను నిర్దోషి అని కోర్టు చెప్పేసరికి 1906 అయింది. హకమాదా కూడా జైలు బయట పదేళ్లు మరణశిక్ష పడ్డ మనిషిగానే బతికాడు. బ్రిటన్‌లో ఆండ్రూ మాల్కిన్సన్ చేయని నేరానికి 17 ఏళ్లు జైల్లో ఉన్నాడు. నేరం ఒప్పుకుని ఉంటే చాలా ముందే పెరోల్ మీద వచ్చే వీలుండేది. ఒప్పుకోలేదు. 2023లో ఆ శిక్ష కొట్టేశారు. “ఆయన పశ్చాత్తాపపడుతున్నాడు, ఇకనైనా వదిలెయ్యండి” అని నువ్వు మంచి మనసుతోనే రాశావు. కానీ చేయలేదని మొత్తుకుంటున్న మనిషి నెత్తిన ఆ వాక్యం బండ వేస్తుంది. ముందు దాన్ని కొట్టెయ్. తర్వాత, ఏం కోరాలో ఆయన్నీ, ఆయన లాయర్నీ అడుగు.

ఆయనకి రాసే ఉత్తరాల్లో కేసు వివరాలు అడగకు. జైలువాళ్లు చదివాకే అవి లోపలికి వెళ్తాయి. ఎప్పుడు వదులుతారని ఆయన అడిగితే తేదీ చెప్పకు, ‘త్వరలోనే’ అని కూడా అనకు. నేరంలో మనిషిని పోగొట్టుకున్న కుటుంబం కూడా నీ వ్యాసం చదువుతుంది. వాళ్లని విలన్లని చెయ్యొద్దు. తప్పు మనిషిని పట్టి చూపించినవాళ్లు ఆ కుటుంబాన్నీ మోసం చేసినట్టే కదా.

తీర్పు పూర్తి ప్రతి సంపాదించు, సారాంశం పనికిరాదు. ఆ సాక్షి రెండు వాంగ్మూలాలూ పక్కపక్కన పెట్టుకుని ఒకే ఒక్క పేజీ రాయి. ముందు లాయరుకి చూపించి, తర్వాత నాకు పంపు. సన్నక్షరాలు నాకు ఆనడం లేదు, కాస్త పెద్దగా ప్రింటు తియ్యి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు