తల్లికి వందనం డబ్బులో 4,130 బ్యాంకు కోసుకుంది.. వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది గుంటూరు, పట్నం బజారు దగ్గర. ఇంతకుముందు విజయవాడ బీసెంట్ రోడ్డులో ఓ బట్టల షాపులో బిల్లింగ్ పని చేశాను. జీతం కోసం షాపువాళ్లే ఒక ప్రైవేటు బ్యాంకులో ఖాతా తెరిపించారు. 2024 ఆగస్టులో పని మానేసి, అందులో ఉన్నదంతా తీసేసుకున్నాను. ఫోన్ నంబరు కూడా మార్చాను. ఇప్పుడు ఇంట్లోనే మిషన్ కుట్టుకుంటున్నాను, కూలి ఫోన్‌పేలో వస్తుంది. 2025 జూన్‌లో మా పాప చదువుకని ప్రభుత్వం ఇచ్చిన తల్లికి వందనం 13,000 ఆ పాత ఖాతాలో పడింది. తీసుకుందామని వెళ్తే 8,434 మాత్రమే ఉంది. 4,130 మినిమం బ్యాలెన్స్ లేనందుకట. 436 దేనికో తెలియదు. బ్రాంచిలో అడిగితే ‘సిస్టమే కట్ చేసుకుందమ్మా, మా చేతుల్లో ఏం లేదు’ అన్నారు. ఆ డబ్బు వెనక్కి వస్తుందా? ఈ మినిమం బ్యాలెన్స్ గొడవ లేని ఖాతా ఎలా తెరవాలి?

జవాబు: మీరు పంపిన స్టేట్‌మెంట్ రెండుసార్లు చూశానమ్మా. తల్లికి వందనం డబ్బు పడటానికి ముందు వరుసలో, బ్యాలెన్స్ గడిలో -4,130 అని ఉంది. అంకె ముందున్న ఆ అడ్డగీతే మీకు బలం. ఆ కాగితం జాగ్రత్తగా దాచుకోండి.

ముందు ఆ 4,130 ఎలా వచ్చిందో చూద్దాం. జీతం పడినంత కాలం ఆ ఖాతాకు మినిమం బ్యాలెన్స్ అక్కర్లేదు. జీతం ఆగాక కొన్ని నెలలు చూసి, బ్యాంకు దాన్ని మామూలు సేవింగ్స్ ఖాతాగా మార్చేస్తుంది. మీది నవంబరులో మారింది. అప్పటినుంచి అందులో 10,000 ఉండాలి. ఉన్నది సున్నా. మీ బ్యాంకు రేట్ల పట్టిక ప్రకారం తగ్గిన మొత్తంలో 6 శాతం లేదా 500, ఏది తక్కువైతే అది. అంటే 500, దానిమీద 18 శాతం జీఎస్టీ 90, నెలకు 590. నవంబరు నుంచి మే వరకు ఏడు నెలలు. ఖాతాలో డబ్బు లేదు కాబట్టి బాకీ పేరుకుంటూ పోయింది, జూన్‌లో డబ్బు పడగానే ఒక్కసారిగా లాగేసుకుంది. సిస్టమే కట్ చేసుకుందన్నది నిజమే. కానీ సిస్టమ్‌కి ఆ లెక్క చెప్పింది బ్యాంకేగా!

ఇందులో తప్పెక్కడుందంటే, రిజర్వు బ్యాంకు 2014 నవంబరు 20న ఇచ్చిన ఉత్తర్వులో ఉంది. అది 2015 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. బ్యాలెన్స్ తగ్గితే బ్యాంకు ముందు ఎస్సెమ్మెస్, ఈమెయిల్ లేదా ఉత్తరం ద్వారా ఖాతాదారుకు చెప్పాలి. సరిచేసుకోవడానికి కనీసం నెల గడువివ్వాలి. అప్పటికీ నింపకపోతేనే చార్జీ. ఆ చార్జీ కూడా ఎంత తగ్గితే అంతకు తగ్గట్టే ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, కేవలం ఈ చార్జీల వల్ల సేవింగ్స్ ఖాతా మైనస్‌లోకి వెళ్లకూడదు. మీ ఖాతాలో ఏడు నెలలూ జరిగింది అదే.

అలాగని మొత్తం వచ్చేస్తుందని మీకు ఆశ పెట్టను. పని మానేశాక ఫోన్ నంబరు మార్చానని రాశారు. ‘మేం మెసేజ్ పంపాం, పాత నంబరుకే వెళ్లింది’ అని బ్యాంకు అంటే నోటీసు వాదన కొంచెం పల్చబడుతుంది. మైనస్ వాదన మాత్రం చెక్కుచెదరదు, పట్టుబట్టాల్సింది దానిమీదే. కొన్ని బ్యాంకులు సగం వెనక్కిచ్చి ‘పూర్తిగా పరిష్కారమైంది’ అని సంతకం చేయించుకుంటాయి. సగంతో మీకు సరే అనిపిస్తేనే ఆ సంతకం పెట్టండి.

నోటిమాటతో అడిగితే ఇక్కడ పని జరగదు. తెల్లకాగితం మీద ఇలా రాయండి: ‘ఈ ఖాతాలో 2024 నవంబరు నుంచి 2025 మే వరకు మినిమం బ్యాలెన్స్ చార్జీల కింద జీఎస్టీతో కలిపి 4,130 రూపాయలు వేశారు. నాకు నెల ముందు నోటీసు ఇచ్చినట్టు ఆధారం చూపగలరు. కేవలం ఈ చార్జీల వల్ల ఖాతా మైనస్‌లోకి వెళ్లింది. ఇది రిజర్వు బ్యాంకు 2014 నవంబరు 20 నాటి ఉత్తర్వుకు విరుద్ధం. జీఎస్టీతో సహా మొత్తం తిరిగి నా ఖాతాకు జమ చేయగలరు.’ స్టేట్‌మెంట్ జత చేయండి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో ‘అందినది’ స్టాంపు వేయించుకోండి. స్టాంపు వేయమంటే కాసేపు నసుగుతారు, అయినా కదలకండి. విజయవాడ దాకా వెళ్లలేకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు ఉంచుకోండి.

నేనూ ఓసారి విజయవాడ వన్‌టౌన్‌లో ఓ బ్రాంచి చుట్టూ తిరిగాను. మూడు నెలలకోసారి ఎస్సెమ్మెస్ చార్జీ అని 17.70 కోసేవారు. ఆ మూడు నెలల్లో నాకొచ్చింది ఒకే ఒక్క మెసేజ్, అదీ ఆ 17.70 కోశామని! మెసేజ్‌లకు వాడకాన్ని బట్టే తీసుకోవాలని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. నోటితో రెండుసార్లు అడిగితే నవ్వి పంపించారు. కాగితం ఇచ్చిన వారానికి డబ్బు వెనక్కి వేశారు.

30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు మీకు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారికి రాయండి. రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల పోర్టల్‌లో ఇంటినుంచే పెట్టొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. సందేహముంటే 14448కి ఫోన్ చేయండి, అది టోల్‌ఫ్రీ. బ్యాంకుకు ముందు రాయకుండా నేరుగా ఇక్కడికి వెళ్తే మాత్రం తిప్పి పంపేస్తారు. స్టాంపు వేయించుకోమని అంతగా చెప్పింది అందుకే.

ఇక 436 సంగతి. దానిమీద గొడవ పడకండమ్మా. అది ప్రధానమంత్రి జీవన్‌జ్యోతి బీమా ఏడాది ప్రీమియం. ఖాతా తెరిచినప్పుడు ఏదో ఫారం మీద సంతకం పెట్టించుకుని ఉంటారు. ఏ కారణంతో ప్రాణం పోయినా ఇంట్లోవాళ్లకు 2 లక్షలు వస్తాయి. పసిపిల్ల ఉన్న ఇంటికి ఈ 436 దండగ కాదు. పాత ఖాతా మూస్తే ఆ బీమా కూడా ఆగిపోతుంది. కాబట్టి కొత్త ఖాతాలో మళ్లీ ఫారం ఇవ్వడం మరిచిపోవద్దు.

కొత్త ఖాతాకు ప్రభుత్వ రంగ బ్యాంకుకు వెళ్లండి. స్టేట్ బ్యాంకు ఈ జరిమానాను 2020లోనే ఎత్తేసింది. కెనరా, పంజాబ్ నేషనల్, ఇండియన్ బ్యాంకులు 2025లో మానేశాయి. అంతకుముందు 2019-20 నుంచి 2023-24 వరకు అయిదేళ్లలో ప్రభుత్వ బ్యాంకులు ఈ పద్దు కింద సుమారు 8,500 కోట్లు వసూలు చేసినట్టు పార్లమెంటులోనే చెప్పారు. మీలాంటివాళ్ల 590లే అవన్నీ!

అయినా మామూలు ఖాతా కాకుండా ‘బేసిక్ సేవింగ్స్ బ్యాంక్ డిపాజిట్ ఖాతా’ కావాలని పేరు పెట్టి అడగండి. జన్‌ధన్ కూడా ఆ కోవలోదే. సున్నా ఉన్నా ఫరవాలేదు, ఎన్నిసార్లయినా డబ్బు వేసుకోవచ్చు, ఏటీఎం కార్డు ఉచితం, నెలకు కనీసం నాలుగుసార్లు తీసుకోవడం ఉచితం. మీకు కుట్టుకూలి ఫోన్‌పేలో వస్తుందన్నారు కాబట్టి, నాలుగు దాటితే ఏం చేస్తారో, ఫోన్‌పే చెల్లింపులు ఆ లెక్కలోకి వస్తాయో రావో కౌంటర్‌లోనే అడిగేయండి. అదే బ్యాంకులో మీకు ఇంకో సేవింగ్స్ ఖాతా మాత్రం ఉండకూడదు. ‘జీరో బ్యాలెన్స్ ఇప్పుడు లేదమ్మా, వెయ్యి వేయండి చాలు’ అంటే, ఇవ్వబోమని కాగితం మీద రాసివ్వమనండి. చాలాచోట్ల ఆ మాటతో లోపలినుంచి ఫారం బయటికొస్తుంది.

పాత ఖాతానే బేసిక్‌గా మార్చమని అడగొచ్చు కూడా. కానీ బ్రాంచి విజయవాడలో, మీరు గుంటూరులో. నేనైతే మూసేస్తాను. త్వరపడండి, మూసేదాకా మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఇప్పుడున్న 8,434 అలాగే ఉంచినా 1,566 తక్కువే. దానికి 6 శాతం, జీఎస్టీ కలిపి నెలకు సుమారు 111.

మూసే ముందు ఒక్క పని. ప్రభుత్వ డబ్బు మీరు చెప్పిన ఖాతాలో కాదు, ఆధార్‌కు చివరిగా ముడిపడిన ఖాతాలో పడుతుంది. మీ డబ్బు పాత ఖాతాకు వెళ్లింది అందుకే. కొత్త బ్యాంకులో ఆధార్ సీడింగ్ ఫారం ఇచ్చి, కొన్ని రోజులాగి మీ వార్డు సచివాలయంలో చూపించుకోండి. అక్కడ కొత్త బ్యాంకు పేరు కనిపించాకే పాత బ్రాంచిలో క్లోజింగ్ ఫారం అడగండి.