వేలికి తెలియని షాక్ చిప్‌కు తెలుస్తుంది

ప్రశ్న: కంప్యూటర్‌కు ఇంకో ర్యామ్ కొన్నాను. ఒట్టి చేత్తో ముట్టుకుంటే స్టాటిక్ కరెంటుకు పోతుందని కొందరంటున్నారు. ఏళ్ల తరబడి అలాగే బిగిస్తున్నాం, ఏమీ కాలేదని ఇంకొందరంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. నడిచేటప్పుడు చెప్పు నేలను తాకి విడిపోతుంది, లేచేటప్పుడు బట్టలు కుర్చీ నుంచి విడిపోతాయి. అలా విడిపోయినప్పుడల్లా కొన్ని ఎలక్ట్రాన్లు ఒకవైపు నుంచి రెండోవైపుకు చేరి ఉండిపోతాయి. ఒంట్లో పోగైన ఆ విద్యుదావేశం లోహాన్ని తాకగానే ఒక్కసారిగా దిగిపోతుంది. అది చిటుక్కుమని వేలికి తెలియాలంటే సుమారు 3,000 వోల్టులు కావాలి. కొన్ని చిప్‌లు 100 వోల్టులకే దెబ్బతింటాయి. కాబట్టి ‘షాకేం కొట్టలేదుగా’ అన్నది చిప్ బాగుందనడానికి రుజువు కాదు.

చిప్‌లను పరీక్షించేటప్పుడు మనిషి శరీరానికి బదులుగా 100 పికోఫారడ్ల కెపాసిటర్‌ను (ఆవేశాన్ని నిలవ ఉంచేది), 1,500 ఓమ్‌ల రెసిస్టర్‌ను (కరెంటును అడ్డగించేది) వాడతారు. ఆ లెక్కన 3,000 వోల్టుల దగ్గర దిగే శక్తి ఒక మిల్లీజౌల్‌లో సగం కూడా లేదు. కానీ అది మైక్రోసెకను లోపే దిగిపోతుంది, మొదట్లో కరెంటు 2 ఆంపియర్లను తాకుతుంది. చిప్‌లో ట్రాన్సిస్టర్ గేటు కింద ఉండే ఆక్సైడ్ పొర మందం కొన్ని నానోమీటర్లే. ఆ పొరలోని సిలికాన్ డయాక్సైడ్ నానోమీటరుకు ఇంచుమించు ఒక వోల్టుకు మించి ఓర్చుకోలేదు. మరి ఏళ్ల తరబడి బిగిస్తున్నవాళ్లకు ఏమీ కాలేదేం? చిప్ పిన్నుల వెనక రక్షణ డయోడ్లు ఉంటాయి, చాలా దెబ్బల్ని అవే పక్కకు మళ్లిస్తాయి. వాటికీ ఒక హద్దుంది.

గాలిలో తేమ కూడా లెక్కలోకి వస్తుంది. తరచూ చెప్పే అంకెల ప్రకారం, కార్పెట్ మీద నడిస్తే తేమ 20 శాతం లోపున్న పొడి గాలిలో 35,000 వోల్టుల దాకా పోగవుతుంది, 65 శాతం దాటితే 1,500 దాకా. ఆ రెండో అంకె 3,000 కంటే తక్కువని గమనించండి. తేమ ఉన్న రోజున షాక్ కొట్టదు, అంతే. చిప్‌కు ముప్పు పూర్తిగా పోదు.

ప్రశ్న: ఒంట్లోని స్టాటిక్‌ను తీగ గుండా దించే మణికట్టు పట్టీ, అదే రిస్ట్ స్ట్రాప్, నా దగ్గర లేదు. అది లేకుండా ర్యామ్ బిగించడమెలా?

జవాబు: బిగించవచ్చు. ఇక్కడ ముఖ్యం భూమికి కలపడం కూడా కాదు, మీరూ క్యాబినెట్టూ కొత్త ర్యామూ ఒకే వోల్టేజిలో ఉండడం. ఒకే మట్టంలో నీళ్లున్న రెండు తొట్లను గొట్టంతో కలిపినా నీరు పారదు కదా, ఇదీ అంతే.

కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేసి, వెనక ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) స్విచ్ ఆపి, ప్లగ్ పీకేయండి. ఆపిన ప్లగ్‌ను సాకెట్‌లోనే ఉంచితే ఎర్త్ దొరుకుతుందని కొందరు చెబుతారు. ఆ సాకెట్‌కు ఎర్తింగ్ సరిగ్గా ఉందని, ఎస్‌ఎంపీఎస్ స్విచ్ ఆపే ఉందని ఖాయంగా తెలిస్తేనే అది పనికొస్తుంది. స్విచ్ మరిచిపోతే బోర్డు మీద 5 వోల్టుల స్టాండ్‌బై సరఫరా నడుస్తూనే ఉంటుంది, అలాంటప్పుడు ర్యామ్ లాగితే స్టాటిక్ అక్కర్లేకుండానే పాడవుతుంది. పీకెయ్యడమే నయం. తర్వాత పవర్ బటన్‌ను ఓ 5 సెకన్లు నొక్కి పట్టుకుంటే కెపాసిటర్లలో మిగిలింది దిగిపోతుంది.

ఇప్పుడు పెయింట్ లేని చోట క్యాబినెట్ లోహాన్ని ముట్టుకోండి. పెయింట్ విద్యుత్తును ఆపేస్తుంది కాబట్టి రంగు పూత మీద ఎంతసేపు చెయ్యి పెట్టినా లాభం లేదు. వెనక స్క్రూలు బిగించే అంచు గానీ, ఎస్‌ఎంపీఎస్ స్క్రూ గానీ మంచిది. ఆ చెయ్యి తీయకుండానే రెండో చేత్తో ర్యామ్ ఉన్న కవర్‌ను పట్టుకుని, ఆ తర్వాతే విప్పండి. చాలామంది ఇది వదిలేస్తారు. ర్యామ్‌ను రెండు చివరల పట్టుకోవాలి, బంగారు రంగు కాంటాక్టులకు వేలు తగలకూడదు. మధ్యలో కుర్చీలోంచి ఒక్కసారి లేచినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది, లోహాన్ని మళ్లీ ముట్టుకోవాలి.

బల్ల మీద థర్మోకోల్, పాలిథిన్ కవర్లు, సెల్లోటేపు ఉంటే కనీసం 30 సెంటీమీటర్లు దూరం జరపండి. వీటి మీది ఆవేశం మీరు ముట్టుకున్నా దిగదు, స్ట్రాప్ కట్టుకున్నా దిగదు. దగ్గర్లో పెట్టిన ర్యామ్‌లోని ఆవేశాల్ని అవి దూరం నుంచే కదిలిస్తాయి. ఆ స్థితిలో ర్యామ్ లోహాన్ని తాకిందంటే నానోసెకను వ్యవధిలోనే డిశ్చార్జ్ అవుతుంది. మనిషి చేతినుంచి వచ్చే దెబ్బ కంటే ఇది మరీ వేగం, చాలా చిప్‌లు దీనికే ముందు లొంగుతాయి.

ప్రశ్న: కొత్త రిస్ట్ స్ట్రాప్‌ను మల్టీమీటర్‌తో చూస్తే బీప్ రావడం లేదు. తీగ లోపల తెగిందా?

జవాబు: తెగలేదు, బీప్ రాకపోవడమే సరైనది. అందులో ఒక మెగా ఓమ్ రెసిస్టర్ ఉంటుంది. బీప్ ఇచ్చే కంటిన్యుటీ సెట్టింగ్ బదులు 2 మెగా ఓమ్‌ల రేంజిలో పెట్టి చూడండి, ఇంచుమించు 1 చూపాలి. అంకె రాకుండా ఓపెన్ చూపిస్తే అప్పుడు తెగినట్టు. పొరపాటున 230 వోల్టుల తీగ తగిలినా ఆ రెసిస్టర్ వల్ల మీ గుండా పోయే కరెంటు పావు మిల్లీ ఆంపియర్ దాటదు. దాన్ని తీసేసి మామూలు వైరు కట్టుకోవడం ప్రాణాలతో ఆట. అంత రెసిస్టెన్స్ ఉన్నా ఒంట్లోని ఆవేశం సెకనులో వెయ్యోవంతు కూడా పట్టకుండానే దిగిపోతుంది.

పట్టీ చర్మానికి ఆనాలి, చొక్కా చేతి మీద కట్టొద్దు. తీగ లేని స్ట్రాప్‌లూ అమ్ముతున్నారు. ఆవేశం పోయే దారే లేనప్పుడు అది చేతికి అలంకారం తప్ప మరేమీ కాదు.

ప్రశ్న: మా క్యాబినెట్‌ను ముట్టుకుంటే ఎప్పుడూ సన్నగా జివ్వుమంటోంది. ఇదీ స్టాటికేనా?

జవాబు: కాదు. స్టాటిక్ ఒకసారి చిటుక్కుమని ఆగిపోతుంది, వెంటనే మళ్లీ ముట్టుకుంటే ఉండదు. ఆగకుండా జివ్వుమంటే సాకెట్‌లో ఎర్తింగ్ లేదన్నమాట. ఎస్‌ఎంపీఎస్ ఫిల్టర్‌లో ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి క్యాబినెట్‌కు చెరో చిన్న కెపాసిటర్ ఉంటుంది. ఎర్త్ తెగితే క్యాబినెట్ మెయిన్స్‌లో సగం వోల్టేజి దగ్గర తేలుతుంది. 230 వోల్టుల సరఫరా అయితే 115 దాకా. కరెంటు మిల్లీ ఆంపియర్ లోపే ఉంటుంది. అయినా ఆ స్థితిలో టీవీకో ప్రింటర్‌కో కేబుల్ గుచ్చితే, ఆ తేడా అంతా పోర్టు గుండా పోయి దాన్ని కాల్చెయ్యవచ్చు. గట్టిగా షాక్ కొడితే అది ఫిల్టర్ పని కూడా కాదు, ఇన్సులేషన్ పోయి ఉండవచ్చు, వాడకం ఆపేయండి. ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ సరిచేయించండి. మూడో పిన్ను విరిచేసి రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టడం వద్దు.

ప్రశ్న: మదర్‌బోర్డును వెండి రంగు కవర్ మీదే పెట్టి ఆన్ చేసి చూడవచ్చా? గులాబీ రంగు కవర్ కూడా అలాంటిదేనా?

జవాబు: ఆన్ చెయ్యొద్దు. వెండి రంగు కవర్‌లో పలుచని లోహపు పొర ఉంటుంది, బయటి స్టాటిక్‌ను లోపలికి రానివ్వనిది అదే. బోర్డు అడుగున సోల్డర్ మొనలు కవర్‌ను చీలిస్తే అదే పొర షార్ట్ చేస్తుంది. బోర్డు వచ్చిన అట్టపెట్టె మీద పెట్టి ఆన్ చేయండి. గులాబీ కవర్ తనంతట తాను స్టాటిక్ పుట్టించదు గానీ బయటినుంచి వచ్చేదాన్ని ఆపలేదు. కాబట్టి విడి భాగాలకు వెండి రంగుదే, అదీ మూతి మడిచి మూసినప్పుడే.

ప్రశ్న: బిగించిన మూడు వారాలకు కంప్యూటర్ హ్యాంగవడం మొదలైంది. స్టాటిక్ దెబ్బ ఆలస్యంగా బయటపడుతుందా?

జవాబు: పడవచ్చు. ఆక్సైడ్ పొర పూర్తిగా చిల్లిపడకుండా బలహీనపడితే కొన్నాళ్లు పనిచేసి తర్వాత మొరాయిస్తుంది. అయితే సూక్ష్మదర్శిని కింద చిప్‌ను విప్పి చూస్తే తప్ప అది స్టాటిక్ పనేనని తేలదు. కారణం దొరకని ప్రతి లోపాన్నీ దాని నెత్తిన రుద్దడం మామూలైపోయింది. ముందు ర్యామ్‌ను తీసి మళ్లీ రెండువైపులా క్లిప్పులు టక్కుమనేలా నొక్కండి. ఒక్కో ర్యామ్‌నూ విడిగా పెట్టి రాత్రంతా మెమరీ టెస్ట్ నడపండి. ప్రాసెసర్ వేడిని చూడండి. ఒకే ర్యామ్‌తో, ఏ స్లాట్‌లో పెట్టినా తప్పులు వస్తుంటే ఆ ర్యామ్ పోయినట్టే. వారంటీ ఉంటే మార్పించుకోండి.

ప్రశ్న: లోపలి దుమ్మును వాక్యూమ్ క్లీనర్‌తో లాగవచ్చా?

జవాబు: వద్దు. ప్లాస్టిక్ గొట్టంలో దుమ్ము రాసుకుంటూ పోతుంటే దాని మూతి దగ్గరే స్టాటిక్ పోగవుతుంది. బ్లోయర్ గానీ, గాలి డబ్బా గానీ వాడండి. డబ్బాను నిటారుగా పట్టుకోండి, వంచితే ద్రవం బయటికి చిమ్ముతుంది. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో ఆపి ఉంచండి. వదిలేస్తే హద్దు మించిన వేగంతో తిరిగి బేరింగులు అరుగుతాయి.