సొంత డబ్బుతో ఏఐ కోర్సా, కంపెనీ డబ్బుతో పీహెచ్‌డీనా?

ప్రశ్న: వయసు 34. ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చేసి జీనోమ్ వ్యాలీలో ఒక ఫార్మా కంపెనీ ఆర్ అండ్ డీలో పని చేస్తున్నాను. చేతికి 92 వేలు వస్తాయి, ఇంటి లోన్ ఈఎంఐతో సహా అన్నీ పోను నెలకు 14 వేలు మిగులుతాయి. ఏఐతో డ్రగ్ డిజైన్ అని ఒక ఆన్‌లైన్ కోర్సు ఉంది. ఫీజు 3.6 లక్షలు, జీఎస్టీ అదనం. 24 నెలల నో కాస్ట్ ఈఎంఐ, ట్యాక్స్ మినహాయింపు కూడా ఉందంటున్నారు. మా కంపెనీ అయితే పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి ఫీజు కడతానంటోంది, కానీ డిగ్రీ వచ్చాక మూడేళ్ల బాండ్, మధ్యలో మానేస్తే 5 లక్షలు కట్టాలి. 4 లక్షల ఎఫ్‌డీ తీసి కోర్సు కట్టేయమంటారా?

జవాబు: వద్దండీ. మీ ఇంటి ఖర్చు నెలకు 78 వేలు, అంటే ఆ ఎఫ్‌డీ మీకు ఐదు నెలల బియ్యం, ఈఎంఐ, మిగతా ఖర్చులు. ప్రాజెక్టు ఆగిపోయిందని ఆర్ అండ్ డీలో మనుషుల్ని తీసేయడం మీరూ చూసే ఉంటారు.

ఈఎంఐ సంగతి చూద్దాం. జీఎస్టీ 18 శాతం కలిపితే 4,24,800 అవుతుంది, 24 నెలలకు పంచితే నెలకు 17,700. మీకు మిగిలేది 14 వేలు. అక్కడే తేలిపోయింది. పైగా ఆ లోన్ సాధారణంగా ఏదో ఫైనాన్స్ కంపెనీ మీ పేరు మీద ఇస్తుంది, రెండో నెలలో కోర్సు నచ్చక మానేసినా ఈఎంఐ దానంతట అది ఆగదు, కట్టకపోతే దెబ్బ మీ సిబిల్ స్కోరుకే. ఇక ట్యాక్స్ మినహాయింపు అన్నారే, అది వర్తించేది చదువు లోన్ మీద కట్టిన వడ్డీకి మాత్రమే, అదీ పాత రెజీమ్‌లోనే (పాత పన్ను విధానంలోనే). వడ్డీయే లేదని అమ్ముతున్న లోన్ మీద వడ్డీ మినహాయింపు ఎలా ఇప్పిస్తారో ఆ కోర్సు అమ్మే కౌన్సెలర్‌నే అడగండి. 2025-26లో కొత్త రెజీమ్‌లో జీతగాళ్లకు 12.75 లక్షల దాకా పన్నే లేదు, మీ జీతానికి పాత రెజీమ్ ఎంచుకోవడం దండగ.

ఏఐ నేర్చుకోవద్దనడం లేదు. ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల సైట్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే కోర్సుకు వెయ్యి రూపాయలు పరీక్ష ఫీజు కట్టి సెంటర్‌కి వెళ్లి రాయాలి. 'పైథాన్ ఫర్ డేటా సైన్స్'తో మొదలుపెట్టి, మాలిక్యూల్స్‌ని కంప్యూటర్‌లో విశ్లేషించే ఆర్‌డీకిట్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దించుకుని, మందుల్లాంటి రసాయనాల సమాచారం ఉండే కెంబల్ డేటాబేస్‌లోని మాలిక్యూల్స్ మీద ఓ ఆరు నెలలు చెయ్యి తిప్పండి. అప్పటికీ ఆసక్తి నిలిస్తే పెద్ద కోర్సు గురించి హెచ్‌ఆర్‌ని అడగండి. ఉద్యోగానికి పనికొచ్చే ట్రైనింగ్‌కి కంపెనీ నేరుగా కడితే అది మీ జీతంలో కలవదు, పన్నూ పడదు.

పీహెచ్‌డీ వైపే నా మొగ్గు, కానీ బాండ్‌ని కూడా అప్పులాగే చూడండి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, మామూలుగా గరిష్ఠంగా ఆరేళ్లు. ఆరేళ్లు పట్టి ఆపైన బాండ్ మూడేళ్లంటే మీకు 43 వస్తాయి, ఈలోగా బయట మంచి ఆఫర్ వస్తే కాళ్లకు బంధం. అందుకే గడువు డిగ్రీ రోజు నుంచి కాకుండా కంపెనీ చివరి ఫీజు కట్టిన రోజు నుంచి లెక్కించమనండి. మానేస్తే కట్టాల్సింది 5 లక్షలు కాదు, వాళ్లు నిజంగా ఖర్చు పెట్టినంతే, అదీ నెలనెలా తగ్గుతూ పోవాలి. వాళ్లే తీసేస్తే ఒక్క రూపాయి కూడా అడగకూడదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఇవ్వకండి. బాండ్లు కోర్టులో నిలబడవులే అనే కొలీగ్స్ మాట నమ్మొద్దు, 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు పెట్టిన మూడేళ్లు, 2 లక్షల బాండ్‌ని సమర్థించింది.

ఇంకో రెండు విషయాలు చాలామంది అడగడం మర్చిపోతారు. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీలో (అభ్యంతరం లేదనే పత్రంలో), అవసరమైతే కోర్స్‌వర్క్‌కి రిలీవ్ చేస్తామని ఉండాలి. ఆ రోజులకు జీతం ఇస్తారా, లాస్ ఆఫ్ పే పెడతారా? నెల రోజులు పోతే 92 వేలు పోయినట్టే. రెండోది, థీసిస్ కాపీ శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ థీసిస్‌ల భాండారంలో పెడతారు, ఎవరైనా చదవచ్చు. మీ ల్యాబ్‌లో చేసే ప్రాసెస్ కంపెనీ రహస్యమైతే నాలుగో ఏట లీగల్ వాళ్లు అడ్డం పడతారు, టాపిక్‌కి అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోండి, గైడ్‌కి కూడా చూపించండి.

బాండ్ డ్రాఫ్ట్ చేతికొచ్చాక సంతకం పెట్టకుండా, మీ దగ్గర డబ్బు వసూలు చేసే రికవరీ పేరా మాత్రం ఫొటో తీసి నాకు పంపండి. కంపెనీ పేరు కొట్టేసి పంపినా చాలు.