చెంచా కాడ మీద గళ్ళ కిటికీ

ప్రశ్న: మా అమ్మాయి కొరియన్ సీరియల్స్ పిచ్చిలో ఆన్‌లైన్‌లో స్టీల్ చెంచా, తినే పుల్లల సెట్ తెప్పించుకుందండీ. చెంచా కాడ మీద గళ్ళ కిటికీ లాంటి అక్షరం ఉంది. అది కొరియా అక్షరం కాదు చైనాదంట. మా అత్తగారేమో ఏ మంత్రమో ఏంటో, దాంతో అన్నం తినొద్దని అటకెక్కించేశారు. ఫొటో పంపుతున్నా. ఇంతకీ ఏంటది?
- ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: మంత్రం కాదండీ, దాన్ని కొరియాలో బోక్ అంటారు, చైనాలో ఫూ, అదృష్టం సిరిసంపదలు అన్నీ అందులోనే. కొరియా వాళ్ళకి సొంత లిపి హంగుల్ ఉంది, సెజాంగ్ రాజు 1443లో తయారుచేసి 1446లో ప్రకటించాడు, అయినా శుభం అనుకున్న చోట పాత చైనా అక్షరమే పెడతారు, మనం శుభలేఖ మీద శ్రీరస్తు శుభమస్తు అని సంస్కృతంలో వేయించుకున్నట్టే అన్నమాట.

ఇప్పుడు ఫొటోలో కుడి పక్క చూడండి, పైన గీత, దాని కింద చిన్న పెట్టె, దాని కింద మీరన్న గళ్ళ కిటికీ. గీతంటే ఒకటి, పెట్టె నోరు, కిటికీ పొలం, మధ్యలో గీతలు గట్లు! నోటికింత చేను ఉంటే అదే భాగ్యం అని జనం చెప్పుకుంటారు, మన కోనసీమలో ఇది ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. కానీ ఇది తర్వాత అల్లుకున్న కథ. మూడు వేల ఏళ్ళ కిందట ఎముకల మీద చెక్కిన రూపంలో ఎడమ పక్కది దేవుడి పీట, కుడి పక్కది నిండు సారా కుండ, అంటే నైవేద్యం. సారా మాట అత్తగారి దగ్గర ఎత్తకండి, నిండు కలశం అనండి చాలు.

కొత్త సంవత్సరానికి వాళ్ళు పలకరించుకునేది కూడా బోక్ బాగా అందుకోండి అనే. ఆ రోజు బియ్యం గాలించి రాళ్ళు తీసే వెదురు జల్లెడ గోడకి తగిలిస్తారు, పేరు బోక్‌జోరి, మనం చూరుకి వరి కుచ్చులు కట్టమూ అలాగే. గబ్బిలం బొమ్మలు కూడా పెట్టెల మీద వేసుకుంటారు, ఎందుకంటే చైనా భాషలో గబ్బిలం మాటలోనూ ఫూ అనే వినిపిస్తుంది (మనకైతే గబ్బిలం ఇంట్లోకొస్తే శాంతి చేయించాలి).

అన్నట్టు, గట్టి పళ్ళు కూడా ఐదు భాగ్యాల్లో ఒకటని కొరియా వాళ్ళ సామెత, అత్తగారికి ఇది చెప్పి చెంచా దింపించండి. ఆ పుల్లలతో పులస ముళ్ళు తీయడం అవుతుందో లేదో మాత్రం అమ్మాయిని ట్రై చేయమని నాకో ఉత్తరం రాయండి.